ఇరవై మూడో నెంబరు

భీమవరం,
21 జూలై 2025.

అక్కా,

కవరు చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. బావ ఫోను వారం రోజులుగా స్విచాఫ్ అనే వస్తోంది. మీ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. నా మీద కోపంతో ఆపేశాడని నాకు తెలుసు. పక్కింటి సత్తియ్య మావకి చేసి నిన్ను పిలవమందామంటే, ఈ సంగతి ఆయన చెవిన పడితే రేవంతా తెలిసిపోతుంది. అందుకే పోస్టాఫీసుకెళ్ళి కవరు కొన్నాను. చివరిసారి ఉత్తరం రాసింది ఏడో తరగతి తెలుగు పరీక్షలో.

బావ ఇంటికొచ్చి ఏం చెప్పాడో తెలీదు గానీ జరిగింది నేను చెప్తాను. పోయిన సోమవారం సాయంత్రం నాలుగుంబావుకి ఎవరో ఫోన్లోంచి మా రొయ్యల కోల్డ్ రూము సెట్టింగు మార్చేశారు. మైనస్ పద్దెనిమిది ఉండాల్సింది ఉత్త పద్దెనిమిది అయింది. మర్నాడు పొద్దున్న తలుపు తీసేసరికి సరుకంతా మెత్తబడి, గుప్పున వాసన. మా షావుకారు ప్రసాద్ గారు అక్కడే మెట్ల మీద కూలబడిపోయారు.

సెట్టింగు ఏ నెంబరు నుంచి మారిందో మెషీను తనే రాసి పెట్టుకుంటుంది. అందులో 192.168.1.23 అని పడింది. ఆఫీసు వైఫై వాడే ఒక్కో ఫోనుకీ ఏ నెంబరో నేను పుస్తకంలో రాసుకున్నాను. ఇరవై మూడు బావది. సరుకు ఎంత చల్లగా ఉందో చూసుకుంటాడని ఆ యాప్ బావ ఫోన్లో వేసింది కూడా నేనే. "ఎవరిదయ్యా ఆ నెంబరు?" అని ప్రసాద్ గారు అందరిముందూ అడిగారు. పుస్తకం తెరిచి చూసి చెప్పాను. సొంత బావ కదా అని దాచమంటావా అక్కా? "ఫోను చూపించు త్రిమూర్తులూ" అంటే బావ "లేదండి, పాడైందండి" అన్నాడు. దాంతో అందరికీ అనుమానం గట్టిపడిపోయింది. చెయ్యి తగిలిందండి అని ఒక్కమాట ఒప్పేసుకుంటే పోయేది. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. ఆ పూటే పనిలోంచి తీసేశారు.

ఆ సోమవారానికి ముందురోజు, ఆదివారమే ప్రసాద్ గారు నా పని మెచ్చుకుని కొత్త ఫోను కొనిచ్చారు. ఆ సంతోషం ఒక్కపూటే. ఇప్పుడు అన్నాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోరు. వీడి బావే కదా అని చూస్తారు. సిగ్గుతో ముద్ద దిగట్లేదు.

నా మేనకోడలు పూజిత బాగా చదువుతోందా?

నీ తమ్ముడు
గణేష్‌బాబు

ఉప్పాడ,
28 జూలై.

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. అందడమే వింత. నువ్వు కవరు మీద రాసిన 2-118 ఇప్పుడు భూమ్మీద లేదురా. వంటిల్లు ముందే పోయింది కదా, పోయిన బుధవారం పోటుకి ముందుగది కూడా సముద్రంలో కలిసిపోయింది. అంతకు ముందు, నువ్వు రాసిన ఆ ఆదివారం మీ బావ వచ్చి తలుపులూ దూలాలూ పీకి పెట్టబట్టి అవైనా మిగిలాయి. ఇప్పుడు అప్పాయమ్మత్త ఇంటి వసారాలో ఉంటున్నాం. పోస్టుమేన్ చిట్టియ్య గారు ఇల్లున్న చోటికి వెళ్ళి, నీళ్ళు చూసి, "సత్యవాణమ్మ ఎక్కడుంటందిప్పుడు?" అని నలుగుర్నీ అడిగి తెచ్చిచ్చాడు.

సిగ్గని రాశావు. సిగ్గంటే ఏంటో నన్నడుగు. నిన్న రేవులో గంప దించుతుంటే ఒకావిడ వెనక్కి తిరిగి "రొయ్యలు కుళ్ళబెట్టినోడి పెళ్ళాం" అంది. భీమవరం మాట ఉప్పాడ దాకా ఎలా వచ్చిందో ఆ భీమేశ్వరుడికే తెలియాలి. పూజిత బడికి పక్కసందులోంచి వెళ్తోంది.

మీ బావ ఏమీ చెప్పలేదు. "నువ్వు చేశావా?" అంటే "తమ్ముడు చెప్పాడుగా" అంటాడు. "నువ్వు చెప్పు" అంటే చుట్ట వెలిగించుకుని బయటికి పోతాడు. నిన్ను తిట్టలేదు. ఒక్కమాట కూడా అనలేదు. అదే నాకు మింగుడు పడట్లేదు.

గేటు దగ్గర జేబులు తడిమి పంపారంట కదా. అది మీ బావ చెప్పలేదు, మనూరోడు అక్కడ వ్యాను తోలేవాడు చెప్పాడు. అప్పుడు నువ్వెక్కడున్నావు?

నాకు పెద్ద చదువు లేదని తోసెయ్యకుండా, ఆ నెంబరు ఏంటో, అది మీ బావదని ఎలా చెప్పావో అర్థమయ్యేలా రాయి. మొగుడు తప్పు చేశాడంటే పడతాను. ఏం తప్పో తెలియకుండా పడలేను.

అక్క
సత్యవాణి

భీమవరం,
4 ఆగస్టు.

అక్కా,

ఇల్లు పూర్తిగా పోయిందని నాకు తెలీదు. ఈ కవరు మీద అప్పాయమ్మత్త పేరు రాశాను.

అడిగావు కాబట్టి మొదట్నుంచీ చెప్తాను. దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. ఫోను గానీ కంప్యూటరు గానీ ఒకటి ఇంకోదాన్ని ఏదైనా అడిగితే, జవాబు ఎక్కడికి పంపాలో తెలియాలి కదా. అందుకని ఒక్కోదానికీ ఓ నెంబరు ఉండాలి. నాలుగు సంఖ్యలు, మధ్యలో చుక్కలు. ఒక్కో సంఖ్య సున్నా నుంచి రెండొందల యాభై అయిదు దాకా ఏదైనా కావచ్చు. మా ప్లాంటులో మొదటి మూడూ అందరికీ ఒకటే, 192.168.1. అది ఊరనుకో. చివరిది ఇంటి నెంబరు. ఒకే వేళ ఒకే నెంబరు ఇద్దరికి ఉండకూడదు, ఉంటే ఒకరి జవాబు ఇంకొకరికి పోయి గందరగోళం అవుతుంది. అందుకే పంచే పని రౌటరుకి అప్పజెప్తాం. వైఫై వచ్చే డబ్బా అదే. రౌటరుకి 1. కోల్డ్ రూము మెషీనుకి 5. కెమెరాలకి 10 నుంచి. ఫోన్లకి నేను 20 నుంచి 29 దాకా కేటాయించాను, ఫోన్లున్నది తొమ్మిదో పదో కాబట్టి.

ఇంకో సంగతి. ఈ 192.168 తో మొదలయ్యేవి లోపలి నెంబర్లు. ద్రాక్షారామంలో ఏ బట్టల కొట్లోనో కూడా ఇదే 192.168.1.23 ఉండొచ్చు. దానికీ మాకూ సంబంధం లేదు. బయట ప్రపంచానికి మా ప్లాంటంతా కలిపి ఒకే ఒక్క నెంబరు, అది ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళిచ్చింది. బయటినుంచి వచ్చినదాన్ని లోపల ఎవరికి అందాలో వాళ్ళకి రౌటరు అందిస్తుంది.

అంటే ఏంటి? కోల్డ్ రూము మెషీన్లో 23 అని పడిందంటే, ఆ ఫోను ఆ క్షణాన మా కాంపౌండులో, మా వైఫైలో ఉండి తీరాలి. నువ్వు ఉప్పాడలో కూర్చుని ఎన్నిసార్లు నొక్కినా ఆ నెంబరు పడదు. ఆ రోజు బావ డ్యూటీలోనే ఉన్నాడు. 23 బావది. ఇందులో నా ఊహ ఏమీ లేదు, లెక్క అంతే.

ప్రసాద్ గారు మెత్తని మనిషి. బావ వచ్చి "పొరపాటైందండి" అంటే మళ్ళీ తీసుకుంటారని నా నమ్మకం. కనీసం బావ మాటగా పూజిత చేత రెండు ముక్కలు రాయించి పంపు.

గణేష్‌బాబు

ఉప్పాడ,
10 ఆగస్టు.

గణేషా,

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను, పూజిత చేత ఒకసారి చదివించాను. బాగా రాశావు. చంటిపిల్లకైనా అర్థమవుతుంది. అందుకే అడుగుతున్నాను.

ఫోను మీ కాంపౌండులో ఉండి తీరాలన్నావు. ఆ సోమవారం మీ బావ ఫోను నా బియ్యం డబ్బాలో ఉందిరా.

ముందురోజు ఆదివారం దూలాలు పీకుతుంటే కెరటం వచ్చి నడుం దాకా కొట్టింది. చొక్కా జేబులో ఫోను ఉప్పునీళ్ళలో పడింది. నేనే తుడిచి, బియ్యంలో పెడితే తడి లాగేస్తుందని అప్పాయమ్మత్త అంటే డబ్బాలో పాతాను. సోమవారం తొలి బస్సుకి మీ బావ ఉత్తచేతుల్తో వచ్చాడు డ్యూటీకి. ఇప్పటికీ ఫోను అందులోనే ఉంది. తియ్యబోతే "ఉండనియ్" అంటాడు. రోజూ దాని పక్కనుంచే గ్లాసుతో బియ్యం తీసి వండుతున్నాను. నీ మీద కోపంతో ఆపేశాడనుకున్నావు. నేను, పనిపోయిన దిగులులో ఫోను మీద ధ్యాస లేదనుకున్నాను. ఇద్దరం తెలివైనవాళ్ళమే.

ఉత్తరం చదివాక "ఫోను ఇంటికాడ ఉందని అక్కడ చెప్పలేదేంటి?" అని నిలదీశాను. "ఊరుకోవే" అన్నాడు.

నువ్వు చదువుకున్నావు, నువ్వు చెప్పు. మీ వైఫై మా బియ్యం డబ్బా దాకా వస్తుందా?

సత్యవాణి

భీమవరం,
17 ఆగస్టు.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. నేను ఒకటి మర్చిపోయాను. మర్చిపోవడం కాదు, తెలిసి కూడా లెక్కలోకి తీసుకోలేదు.

రౌటరు ఆ నెంబర్లని శాశ్వతంగా ఇవ్వదు. లీజుకి ఇస్తుంది. ఆ మాటే వాడతారు. ఇక్కడ రొయ్యల చెరువులు లీజుకిచ్చినట్టే. నేను పెట్టిన గడువు ఒక్కరోజు. ఫోను వైఫైలో ఉన్నంతకాలం అదే నెంబరు పొడిగిస్తూ పోతుంది. ఫోను రోజుకి మించి కనబడకపోతే ఆ నెంబరు ఖాళీ చేసి, కొత్తగా ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేస్తుంది. బావ శనివారం సాయంత్రం ఊరికి బయల్దేరాడు. ఆదివారం సాయంత్రానికి 23 ఖాళీ అయింది. నా పుస్తకంలో రాసింది జూన్ నాటిది. పోయినేటి కౌలుదారు పేరు చూసి ఈ ఏటి చెరువుకి ఆయన్ని పట్టుకున్నట్టు చేశాను.

కాబట్టి బావ తప్పు లేదు. ఆ సోమవారం 23 ఎవరికి వచ్చిందన్నది చెప్పడం కష్టం. రౌటర్లో పాత వివరాలు చెరిగిపోయి ఉండొచ్చు. బావ తప్పు లేదని నీకూ నాకూ తెలిసింది, అది చాలదా? ఇప్పుడు కదిపితే మళ్ళీ అందరి నోళ్ళలో పడాలి. ప్రసాద్ గారికి నేను వీలు చూసుకుని మెల్లగా చెప్తాను. అందాకా ఎవరితోనూ అనకు.

పూజితకి జామెట్రీ బాక్సు పంపిస్తున్నాను.

గణేష్

ఉప్పాడ,
24 ఆగస్టు.

గణేషా,

బాక్సు అందింది. పూజిత దాన్ని ఇంకా తెరవలేదు, నేనే తెరవనివ్వలేదు.

"చెరిగిపోయి ఉండొచ్చు" అని రాశావు. చెరిగిపోయాయి అని రాయలేదు. అంటే చూశావన్నమాట. నీకు ఆరేళ్ళప్పుడు గాలిపటం దారానికని నాన్న వల కోసేశావు. అడిగితే "ఎలక కొరికి ఉండొచ్చు" అన్నావు. నేల చూపులు చూస్తూ అన్నావు. ఈ ఉత్తరం కూడా నేల చూపులే చూస్తోంది.

మీ బావ నోరు విప్పాడు. నిన్న సత్తియ్య మావ వలకి ముడులేస్తూ, నేను పక్కన కూర్చుని కదలకపోయేసరికి చెప్పాడు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "ఆడు నలుగురిలో పుస్తకం తెరిచి చెప్పాడే. ఫోను ఇంటికాడుందని నేనంటే ఆడి చదువు అబద్ధమైపోద్ది. షావుకారు ఆణ్ణి చూసి నవ్వేవోడు. ఆణ్ణి ఆయన కాడికి తీసుకెళ్ళింది నేను. మావోడు కంప్యూటర్లు చదివాడండి అని చెప్పింది నేను. నాదేవుంది, మూటలు మోసే పని. ఎక్కడైనా దొరుకుద్ది."

విన్నావా? కాకినాడలో నీ పాలిటెక్నిక్ పరీక్షకి గేటు బయట ఎండలో మూడు గంటలు నిలబడ్డాడు, నువ్వు బయటికొస్తే ఎవరూ లేరనుకుంటావని. ఆ మనిషి జేబులు తడిమారు. గేటు దగ్గర నువ్వెక్కడున్నావని నెల కిందట అడిగాను. నువ్వు జవాబు రాయలేదు.

ఇంక నాకు ఉత్తరాలొద్దు. రాస్తే నిజం రాయి.

సత్యవాణి

భీమవరం,
2 సెప్టెంబరు.

అక్కా,

గేటు దగ్గరే ఉన్నాను. పది అడుగుల దూరంలో. వాచ్‌మేన్ రాజేంద్ర బావ జేబులు తడుముతుంటే కెమెరా వైరు సరిచేస్తున్నట్టు నటించాను. ఆ వైరు బాగానే ఉంది.

23 నాది.

ప్రతి ఫోనుకీ పుట్టుకతో వచ్చే గుర్తు ఒకటుంటుంది, ఐపీ అడ్రస్ లాగా చేతులు మారదు. ఏ లీజు ఏ గుర్తుకి ఇచ్చిందో రౌటరు రాసి పెడుతుంది. నువ్వు బియ్యం డబ్బా సంగతి రాసిన రోజే తెరిచి చూశాను. చెరగలేదు. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి నా కొత్త ఫోను మొదటిసారి వైఫై అడిగింది. పది నెంబర్లలో ఖాళీగా ఉన్నది ఒక్కటే, బావ వదిలి వెళ్ళింది. అది నాకిచ్చింది. పుస్తకంలో నా పేరు ఎదురుగా పాత ఫోను నెంబరే ఉంది. నా చేతిలో ఉన్న ఫోనుకి ఏ నెంబరు వచ్చిందో నేను చూసుకోలేదు. ఊళ్ళోవాళ్ళందరి నెంబర్లూ రాసినవాణ్ణి.

ఆ సాయంత్రం గోడపక్క టీ బడ్డీ దగ్గర సాయిరామ్ కలిశాడు, నాతో పాలిటెక్నిక్ చదివినవాడు. అక్కడిదాకా వైఫై వస్తుంది. "ఇక్కడ కూర్చునే కోల్డ్ రూము నడిపిస్తా చూడు" అని కొత్త ఫోను తీశాను. మైనస్ చెరిపాను. మళ్ళీ కొట్టేలోపు ఎవరో ఫోన్ చేశారు, మాట్లాడి జేబులో పెట్టుకున్నాను. మారలేదులే అనుకున్నాను. ఆ మెషీనుకి పాస్‌వర్డ్ కూడా పెట్టలేదు, ఎవరు కొట్టినా ఒప్పుకుంటుంది. అదీ నా పనే.

ఇప్పుడు అసలైనది రాస్తున్నాను, ఇది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది. మంగళవారం పొద్దున్న మెషీను రాసుకున్న లాగ్ తెరిచి నాలుగుంబావు అని చూశాను. టీ బడ్డీ గుర్తొచ్చింది. పక్కనే 23 అని ఉంది. పుస్తకం తిప్పాను. బావ పేరు. నాకు హాయిగా అనిపించింది అక్కా. అమ్మయ్య అనుకున్నాను. ఆ హాయిలోనే బావ పేరు గట్టిగా చదివాను. నెంబరు తప్పు చెప్పలేదు. నేను వెతకడం ఆపేశాను, అంతే. మన పోస్టుమేన్ చిట్టియ్య గారు నెంబరున్న చోట నీళ్ళు చూసి, మనిషెక్కడని అడిగారు. నేను అడగలేదు.

శనివారం ప్రసాద్ గారి గదికెళ్ళి చెప్పాను. "తప్పు నాదండి, త్రిమూర్తులు బావది కాదండి." ఆయన లేచి గది తలుపు వేశారు. తర్వాత "సర్లేవయ్యా, అయిందేదో అయింది. నువ్వు లేకపోతే ఈ కెమెరాలూ అవీ ఎవరు చూస్తారు? బయట అనకు" అన్నారు. ఆ పనికే బావని జేబులు తడిమి పంపారు. నన్ను సర్లేవయ్యా అన్నారు. అంతకన్నా కొట్టినా బాగుండేది.

నిన్న మధ్యాహ్నం అన్నాలవేళ, బావ నిలబడ్డ చోటే నిలబడి, అదే పుస్తకం తెరిచి అందరికీ చెప్పాను. సగంలో మాట పడిపోయింది, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. రాజేంద్ర కంచం పక్కన పెట్టేసి "నా చేతుల్తో తడిమించావు కదరా" అన్నాడు. మన ఊరి వ్యాను డ్రైవరు కూడా విన్నాడు, రేవులో చెప్తానన్నాడు. ప్రసాద్ గారికి చాలా కోపం వచ్చింది. కొత్త ఫోను ఆయన బల్ల మీద పెట్టేశాను. ఈ నెలాఖరు దాకా ఉండి, ఎవరు వస్తే వాళ్ళకి పని అప్పజెప్పి వెళ్ళమన్నారు. బావ మళ్ళీ వస్తానంటే తీసుకుంటానన్నారు.

మీ పెళ్ళిలో బావ కాళ్ళకి నీళ్ళు పోసింది నేను, చెంబు బరువై సగం పంచె మీద ఒలకబోశాను. ఇప్పుడు ఆ కాళ్ళ దగ్గరికి ఏ మొహంతో రావాలో తెలియట్లేదు. రమ్మంటే వస్తాను. వద్దంటే అది కూడా న్యాయమే.

గణేష్

ఉప్పాడ,
9 సెప్టెంబరు.

గణేషా,

నీ ఉత్తరం మీ బావకి నేనే చదివి వినిపించాను. పూజితని పంపేసి చదివాను. నీకు హాయిగా అనిపించిందన్న చోట చదవడం ఆపేశాను. "ఆపొద్దు, చదువు" అన్నాడు. మొత్తం విని, లేచి ఒడ్డుకి పోయాడు. మనిల్లు ఉన్న వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

భీమవరం రాడంట. "ఆ గేటులోంచి మళ్ళీ లోపలికి పోలేనే" అన్నాడు. సత్తియ్య మావ పడవ మీద వెళ్తున్నాడు. రేవులో ఆ రోజు మాటన్నావిడ నిన్న నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. నేను గంప దించుకున్నాను. పూజిత మామూలు దారిలోనే బడికి పోతోంది. బాక్సు తెరిచింది.

నిన్ను క్షమించాడా అని నన్నడగకు. నాకు తెలీదు. నేను క్షమించానో లేదో కూడా నాకింకా తెలీదు. తెలిసినప్పుడు రాస్తాను.

కానీ ఇందాక పడవ దిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఫోను తీశాడు. పైపంచెతో తుడిచాడు. అప్పాయమ్మత్త ఇంట్లో ఛార్జింగు పెట్టి పక్కనే కూర్చున్నాడు. అరగంటకి దీపం వెలిగింది. అద్దం పగిలింది గానీ పలుకుతోంది. ఈ ఉత్తరం నీకు చేరాకే చేస్తానంటున్నాడు, "ఉన్నట్టుండి మోగితే ఆడు భయపడతాడు" అని.

అందుకని చెప్తున్నాను. పై గురువారం, పద్దెనిమిదో తారీకు సాయంత్రం వేట నుంచి వచ్చాక నీ పాత ఫోనుకి చేస్తాడు. మోగితే ఎత్తు. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఊరికే ఉండు. ఆయనా ఊరికే ఉంటాడు. పెట్టెయ్యకు.

అక్క